విశాఖ వేధశాల: అంకితం వెంకట నరసింగరావుగారి జీవితము

ఉగాదినాడు వేపపూవు పచ్చడి తిని, క్రొత్త బట్టలు కట్టుకొని, పంచాంగము వినుట మన పెద్దలు పెట్టిన ఆచారము. ఆ యేటికి రాజెవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని పెద్దలు, పిన్నలు చెవి ఒగ్గి వింటారు. తెలుగునేల విడిచి తరతరాల క్రిందట ఈ ఉడుమలైపేట ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో, మాటలో ఎంత తమిళము కలిసినా, ఈ ఆచారము మాత్రము నిలిచియున్నది. పంచాంగములో వినిపించే గ్రహములు తొమ్మిది. అయితే మన సూర్యుని చుట్టూ కాక, దూరాన నున్న ఇతర నక్షత్రముల చుట్టూ తిరిగే గ్రహములను కూడా ఇప్పుడు శాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారు. ఆ లెక్క 2025 సెప్టెంబరు నాటికి ఆరువేలు దాటినది.

ఇందులో వింత ఏమనగా, ఆ గ్రహములను కనిపెట్టి చూచేవారిలో పెద్ద జీతము తీసికొనే శాస్త్రజ్ఞులు మాత్రమే లేరు. పగలు కచేరీలోనో, బడిలోనో, అంగడిలోనో పని చేసికొని, రాత్రి మేడమీద చిన్న దూరదర్శిని పెట్టుకొని కూర్చునేవారు కూడా వందలకొలదిగా ఉన్నారు. వారికి ఆ పనికి జీతము లేదు. ఇష్టమే వారి జీతము. ఇట్టి ఇష్టముతో ఆకాశమును చూచినవాడు, చూచినదానిని క్షణము తప్పకుండా వ్రాసిపెట్టినవాడు, మన తెలుగువారిలో నూటయేబది సంవత్సరముల క్రిందటనే ఒకరుండిరి. ఆయనే విశాఖపట్టణమునకు చెందిన శ్రీ అంకితం వెంకట నరసింగరావుగారు. ఇంగ్లీషు గ్రంథములలో ఏ. వి. నర్సింగ్ రో అని వ్రాయబడియున్న పేరు వీరిదే. ఖగోళశాస్త్ర చరిత్ర చదివినవారికి ఆ పేరు బాగుగా తెలుసును. మన పిల్లలకు కూడా తెలియవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మామగారి వేధశాల

నరసింగరావుగారి కథ ఆయన మామగారితో మొదలు పెట్టవలెను. వారు శ్రీ గోడే వెంకట జగ్గారావుగారు. 1817లో పుట్టిన జమీందారీ కుటుంబీకులు. ఆ కాలపు జమీందారు బిడ్డలకు వేట, సంగీతము, వ్యవహారములు ముఖ్యము. జగ్గారావుగారికి మాత్రము గణితము మీదను, నక్షత్రముల మీదను మనసు పోయినది. ఆయన చెన్నపట్టణము వెళ్లి, అక్కడి ఈస్టిండియా కంపెనీవారి వేధశాలలో ఖగోళ శాస్త్రజ్ఞుడైన టేలర్ దొరగారి వద్ద ఆ విద్యను అభ్యసించారు. ధనము గలవాడు పండితులను ఇంటికి పిలిపించుకొని వినుట ఒకటి; తానే పోయి శిష్యుడై, యంత్రము దగ్గర రాత్రులు మేల్కొని పని నేర్చుకొనుట ఇంకొకటి. జగ్గారావుగారు ఈ రెండవ మార్గమును పట్టినవారు.

ఆ మీదట స్వస్థలము చేరి, 1840లో విశాఖపట్టణములో తన తోటలోనే స్వంత ఖర్చుతో వేధశాల కట్టించారు. నేడు డాబా గార్డెన్సు అని పిలువబడుచున్న స్థలము అదే. విశాఖ వెళ్లిన మనవారు ఆ పేటలో తిరిగియే యుందురు. అక్కడ ఒకప్పుడు నక్షత్రముల గమనమును కొలిచే గది యుండినదని ఎందరికి తెలియును?

అట్టి గదిలో జరుగు మొదటి పని కాలనిర్ణయము. నక్షత్రము నడినెత్తి గీతను దాటు క్షణమును దూరదర్శినిలో చూచి, దానిని బట్టి గడియారమును దిద్దుకొనవలెను. అప్పటికి మన దేశములో రైళ్లు లేవు, తంతి లేదు. ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. సముద్రముపై పోయే ఓడకు మాత్రము సరియైన కాలము ప్రాణముతో సమానము. తానెంత తూర్పున ఉన్నదీ, ఎంత పడమట ఉన్నదీ కాలమును బట్టియే ఓడ తెలిసికొనవలెను. అందుచేత రేవు పట్టణములో నమ్మదగిన గడియారము ఉండుట ఆ ఊరికంతకు ఉపకారము. జగ్గారావుగారి వేధశాల ఆ ఉపకారమును చేసినది. మేము రైల్వేలో నిమిషములతో బ్రతికేవారము గనుక ఈ సంగతి మాకు మరింత ఇంపుగా తోచును. మన దేశపు రైళ్లు కూడా 1906లో ఇండియా అంతటికీ ఒకే కాలము ఏర్పడు వరకు, చాలా ఏండ్లు మద్రాసు వేధశాల చెప్పిన కాలమునే అనుసరించి నడిచినవి.

జగ్గారావుగారు 1856లో, నలువది యేండ్లయినా నిండకముందే, కాలధర్మము చెందారు. ఒక మనిషి ఇష్టముతో పెట్టిన సంస్థ ఆ మనిషితోనే పోవుట లోకములో సర్వసాధారణము. యంత్రములు తుప్పు పట్టును, పుస్తకములు చెదలపాలగును, తోట అమ్ముడుపోవును. విశాఖలో అట్లు జరుగలేదు. దానికి కారణము అల్లుడుగారు.

ఉద్యోగము వదలిన అల్లుడు

నరసింగరావుగారు 1827లో జన్మించారు. ఇంగ్లీషు విద్య బాగుగా అభ్యసించి, సర్కారు కొలువులో చేరి, డిప్యూటీ కలెక్టరు పదవి వరకు వచ్చారు. ఆ దినములలో మన దేశీయునకు డిప్యూటీ కలెక్టరు పదవి అనగా సామాన్యమైన మాట కాదు. ఊరిలోనికి వచ్చుచున్నాడంటే మునసబు, కరణము ఎదురు వెళ్లవలసిన హోదా అది. అట్టి పదవిని ఆయన వదలుకొన్నారు. మామగారి ఆస్తి వ్యవహారములను, ముఖ్యముగా ఆ వేధశాలను చూచుకొనుటకు పూనుకొన్నారు.

చదువరులు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. మన కుటుంబములలో ఒకనికి సర్కారు ఉద్యోగము దొరికినదంటే ఇంటిల్లిపాది గుడికి పోయి కొబ్బరికాయ కొట్టుదుము. దానిని వదులుతానంటే తల్లి అన్నము మానును. తండ్రి మాట మానును. నరసింగరావుగారికి ఆస్తి ఉండినది. తిండికి లోటు లేదు. ఆ మాట నిజమే. కాని ఆస్తి ఉన్నవారు దానిని అనుభవించుటకు నూరు మార్గములున్నవి. రాత్రి నిద్ర మాని, చలిలో మంచులో నిలిచి, ఒక చుక్క ఎప్పుడు ఏ గీతను దాటినదో వ్రాయుట అందులో ఎవరూ కోరి తీసికొనే మార్గము కాదు. పైగా అది ఆయన పెట్టిన సంస్థ కాదు. మామగారి ఇష్టమును తన ఇష్టముగా చేసికొని, ముప్పదియైదు సంవత్సరములకు పైగా, అనగా తన తుదిశ్వాస వరకు, నిలుపుకొని వచ్చారు.

ఆయన వేధశాలను ఉన్నదున్నట్టు కాపాడుటతో తృప్తి పడలేదు. ఆరు అంగుళముల కటకము గల క్రొత్త దూరదర్శినిని తెప్పించి నిలిపారు. ఆకాశము తిరుగుచున్న వేగముతోనే తానును తిరుగుచు, చూచే నక్షత్రమును విడువకుండా పట్టియుండే అమరిక గల దూరదర్శిని అది. వాన, గాలి, ఎండ, వాయుభారము మొదలైన వాతావరణ విషయములు కూడా ఆ వేధశాలలో వ్రాయుచు వచ్చారు. తుఫానులు వచ్చిపడే ఆ తీరమునకు ఈ లెక్కలు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

1868వ సంవత్సరము తెలుగుదేశపు ఆకాశమునకు గొప్ప సంవత్సరము. ఆ ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దాని చీకటి దారి గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా పోయినది. ఫ్రాన్సు దేశము నుండి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చి దిగి, సూర్యుని అంచున లేచే జ్వాలలను పరిశీలించెను. హీలియము అనే వాయువును కనిపెట్టుటకు దారితీసిన గ్రహణము అదే. విశాఖలో నరసింగరావుగారు కూడా ఆ గ్రహణమును చూచి వ్రాసినారు. అదే సంవత్సరము నవంబరు 5వ తేదీన బుధుడు సూర్యబింబమునకు అడ్డముగా దాటినప్పుడు దానిని కూడా చూచారు.

దూరమున నుండే చూపరి వ్రాసిన లెక్కను లండను పండితులు ఊరకే నమ్మరు. యంత్రము ఎట్టిది, గడియారము ఎంత సరియైనది, స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు ఏవి, అన్నియు అడిగి చూచెదరు. నరసింగరావుగారి లెక్కలు ఆ పరీక్షకు నిలిచినవి. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొన్నారు. ఆ సొసైటీవారి పత్రికలో ఆయన పరిశీలనలు అచ్చయినవి. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులవారు ఆ మరుసటి సంవత్సరము ఆ సొసైటీలో సభ్యులైనారు. రఘునాథాచార్యులవారిది సర్కారు వేధశాల. నరసింగరావుగారిది ఇంటి వేధశాల. లండను సొసైటీ ఈ రెంటికీ ఒకే పీట వేసినది.

1874 డిసెంబరు 9

ఆయన జీవితములో మిక్కిలి ముఖ్యమైన ఉదయము 1874 డిసెంబరు 9వ తేదీది. ఆ దినమున శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడిచినాడు. గ్రహము ఇట్లు సూర్యుని ముందు దాటుటను ఇంగ్లీషులో ట్రాన్సిట్ అందురు. చంద్రుడు అడ్డము వచ్చినప్పుడు గ్రహణము. శుక్రుడు అడ్డము వచ్చినప్పుడు మాత్రము మనకు చీకటి పడదు. సూర్యబింబపు వెడల్పులో ముప్పదవ వంతు గల ఒక చిన్న నల్లని చుక్క ఒక ప్రక్క ప్రవేశించి, మెల్లగా నడచి, రెండవ ప్రక్క వెలుపలికి పోవును. అంతే. ఆ రోజు దానికి పట్టిన కాలము సుమారు నాలుగున్నర గంటలు. మన దేశములో ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి మొదలై మధ్యాహ్నము కావచ్చునప్పటికి ముగిసినది.

ఈ నల్ల చుక్క కోసము ప్రపంచమంతా ఎందుకు కాచుకొని యుండినదో చెప్పవలెను. భూమికి సూర్యునికి ఎంత దూరము అన్నది ఆనాటి శాస్త్రములో పెద్ద ప్రశ్న. ఆ దూరము తెలిసినగాని గ్రహముల దూరములు, నక్షత్రముల దూరములు ఏవియు మైళ్లలో చెప్పుటకు వీలులేదు. 1716లో హేలీ అనే ఇంగ్లీషు పండితుడు ఒక ఉపాయము చూపించెను. మనము వేలు ఎత్తి పట్టుకొని ఒకసారి కుడికంటితోను, ఒకసారి ఎడమకంటితోను చూచినచో వేలు ప్రక్కకు జరిగినట్లు కనబడును. అట్లే భూమిపై దూరదూరముగా నున్న రెండు చోట్ల నుండి చూచినప్పుడు శుక్రుని చుక్క సూర్యబింబముపై కొంచెము వేరువేరు దారులలో నడచును. ఆ తేడాను, అనగా దాటుటకు పట్టిన కాలపు తేడాను, కొలిచినచో దూరము లెక్కకు వచ్చును. దీనికి ఒక్క మహాపండితుడు చాలడు. భూమి నలుమూలల, సరియైన గడియారము గల నమ్మకస్థులు అనేకులు కావలెను.

మరియు ఈ అవకాశము కోరినప్పుడు రాదు. ఎనిమిది సంవత్సరముల ఎడముతో రెండుసార్లు వచ్చి, మళ్లీ నూరేండ్లకు పైగా రాదు. 1761, 1769లలో వచ్చినది. ఆ రెంటికిని ఫ్రాన్సు నుండి లెజాంటీ అనే ఆయన మన ప్రక్కనున్న పుదుచ్చేరికి బయలుదేరినాడు. మొదటిసారి వచ్చుసరికి పుదుచ్చేరి ఇంగ్లీషువారి చేతిలో పడినందున దిగుటకు వీలులేక, ఊగే ఓడపై నుండి చూచి ఊరకుండవలసి వచ్చెను. పట్టు విడువక ఎనిమిది సంవత్సరములు ఈ ప్రాంతములలోనే గడిపి, రెండవసారి పుదుచ్చేరిలో సర్వము సిద్ధము చేసికొని కూర్చుంటే, సరిగా ఆ ఉదయమే మబ్బు కమ్మినది. తలవ్రాత అంటే అది.

1874 వచ్చునప్పటికి ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, అమెరికా, ఇటలీ, రష్యా దేశములు ప్రభుత్వ ధనముతో ఓడలలో శాస్త్రజ్ఞులను దేశదేశాలకు పంపినవి. ఇటలీవారు బంగాళమునకు వచ్చినారు. చింతామణి రఘునాథాచార్యులవారు ఈ విషయము సామాన్యులకు కూడా తెలియవలెనని మన దేశభాషలలో చిన్న పుస్తకములు ప్రకటించారు. విశాఖపట్టణములో మాత్రము ప్రభుత్వ సహాయముగాని, ఓడగాని, పరివారముగాని లేకుండ, ఒక గృహస్థుడు తన తోటలోని వేధశాలలో సిద్ధమై యుండెను.

ఈ పనిలోని కష్టము దూరమునుండి చూచేవారికి తెలియదు. శుక్రుడు బింబములోనికి పూర్తిగా ప్రవేశించిన క్షణము కావలెను. ఆ క్షణమున నల్లని చుక్క బింబపు అంచును విడువక, తేనెబొట్టు గిన్నె అంచును పట్టుకొని సాగినట్లు సాగును. విడిచినదా, ఇంకా పట్టియున్నదా? ఒకే యంత్రము దగ్గర ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దరు కూడా అనేక సెకండ్ల తేడాతో వ్రాయుదురు. ఒకనికి కనబడినది ఇంకొకనికి కనబడదు. చూచినవాడు తనకు కనబడినదే వ్రాయవలెను. పెద్దలు చెప్పిన లెక్కకు సరిపోవునట్లు దిద్దుకొనరాదు. నరసింగరావుగారు తమ పరిశీలనను వ్రాసి లండనునకు పంపగా, అది మరుసటి సంవత్సరము సొసైటీవారి పత్రికలో ప్రకటింపబడినది. ప్రపంచమంతటి నుండి వచ్చిన లెక్కల రాశిలో విశాఖపట్టణము లెక్క ఒకటిగా చేరినది. భూమికి సూర్యునికి నడుమ దూరము సుమారు పదునైదు కోట్ల కిలోమీటర్లని నేడు మన పిల్లలు బడిలో ఒక్క పంక్తిలో వల్లించెదరు. ఆ ఒక్క పంక్తి కొరకు వందల మంది ఉదయము ఎండలో కండ్లు చిట్లించుకొని చూడవలసి వచ్చినది. అందులో ఒకరు మన తెలుగువారు.

తరువాతి కాలము

ఆ పిమ్మట కూడా ఆయన ఊరకుండలేదు. 1881 నవంబరులో బుధుడు మరల సూర్యుని దాటినప్పుడు చూచి వ్రాసినారు. 1882లో పట్టపగలే కనబడేటంత వెలుగుతో వచ్చిన గొప్ప తోకచుక్కను పరిశీలించారు. తోకచుక్క వచ్చినదంటే రాజులకు అరిష్టమనియు, కరువు వచ్చుననియు జనము భయపడే కాలమది. అదే తోకచుక్కను ఒక తెలుగు గృహస్థుడు భయము లేకుండ కొలిచి, దాని స్థానమును తేదీలతో గంటలతో వ్రాసిపెట్టుచుండెను. ఎవరితోను వాదము పెట్టుకొనలేదు. పని చేసినారు.

1892లో నరసింగరావుగారు స్వర్గస్థులైనారు. వారి తరువాత కుటుంబమువారు కొంతకాలము నడిపి, 1894లో వేధశాలను మద్రాసు ప్రభుత్వమునకు అప్పగించారు. అది మరల పూర్వపు వెలుగునకు రాలేదు. మద్రాసు వేధశాలలోని నక్షత్ర పరిశోధన కూడా 1899లో కొడైకెనాలునకు మారినది. మన ఊరినుండి ఆగ్నేయ దిక్కుగా చూచిన కనబడే పళని కొండల వరుసలోనే, సూర్యుని పరిశీలించుటకై కట్టిన ఆ వేధశాల నేటికిని పని చేయుచున్నది. విశాఖలోని డాబా తోటలో మాత్రము తోట లేదు, దూరదర్శిని లేదు. జనసమ్మర్దము గల పేట ఉన్నది.

ఇతర సూర్యుల గ్రహములు

అయితే ఆయన చేసిన పని అంతటితో ఆగినదా అంటే, లేదు. ఇక్కడ మరల నేటి కాలమునకు రావలెను.

ఇతర నక్షత్రములకు గ్రహములు ఉండవచ్చునన్న వాదము మన మద్రాసులోనే ఒకసారి గట్టిగా లేచినది. 1855లో మద్రాసు వేధశాలాధిపతియైన కాప్టెన్ జేకబ్ అనే ఆయన, సర్పధారి అనే మండలములో 70వ సంఖ్య గల జంట నక్షత్రమును పరిశీలించి, ఆ రెంటి నడకలో ఒక తడబాటు ఉన్నదనియు, కంటికి కనబడని గ్రహమొకటి వాటిని లాగుచుండవచ్చుననియు ప్రకటించెను. జగ్గారావుగారు బ్రతికియున్న కాలమది. తరువాతి కొలతలలో అది నిలువలేదు. కాని ప్రశ్న నిలిచినది. ఆ ప్రశ్నకు జవాబు దొరకుటకు నూటనలువది సంవత్సరములు పట్టినది. 1995లో స్విట్జర్లాండునకు చెందిన మేయర్, కెలోజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మన సూర్యుని వంటి నక్షత్రము చుట్టూ తిరిగే గ్రహమును మొదటిసారి కనుగొన్నారు. ఆ నక్షత్రము మనకు క్రొత్తది కాదు. మన పంచాంగములోని పూర్వాభాద్ర నక్షత్రములు రెండు ఉన్నవి గదా, వాటి నడుమ గీత గీసినచో ఆ గీతకు ప్రక్కనే, సన్నని వెలుగుతో ఉండును.

1999లో ఇంకొక సంగతి జరిగినది. అదే మండలములోని వేరొక నక్షత్రమును దాని గ్రహము అడ్డముగా దాటుట శాస్త్రజ్ఞులు చూచినారు. నరసింగరావుగారు శుక్రుని చూచినట్లే. తేడా ఏమనగా, సూర్యుడు మనకు దగ్గర గనుక బింబము, దానిపై నల్లని చుక్క కనబడినవి. ఆ నక్షత్రము కాంతి మనలను చేరుటకే నూటయేబది సంవత్సరములకు పైగా పట్టును. ఎంత పెద్ద దూరదర్శినిలో చూచినా ఒక చుక్కయే. కాబట్టి అడ్డు వచ్చిన గ్రహము కనబడదు. నక్షత్రపు వెలుగు మాత్రము నూటికి ఒకటిన్నర పాళ్లు తగ్గి, సుమారు మూడు గంటల తరువాత మరల యథాప్రకారము అగును. దీపము ముందు పురుగు ఎగిరినప్పుడు, పురుగును చూడకుండ గోడమీది వెలుగును మాత్రము చూచి పురుగు ఉన్నదని చెప్పినట్లు.

ఇది పెద్ద వేధశాలలకే సాధ్యమని అందరు అనుకొన్నారు. 2000 సెప్టెంబరులో ఫిన్లండు దేశములో, జీతము లేని నక్షత్ర ప్రియుల సంఘమొకటి తమ స్వంత వేధశాలలోని పదునారు అంగుళముల దూరదర్శినితో ఆ వెలుగు తగ్గుదలను పట్టుకొన్నది. అది మొదలు ఈ పని లోకమంతట ప్రాకినది. 2006లో ఒక క్రొత్త గ్రహమును నిశ్చయించుటలో శాస్త్రజ్ఞులతో పాటు ఇట్టి ఇష్టజీవులు కొందరు పాలు పంచుకొని, పరిశోధన పత్రములో పేర్లు కూడా పొందినారు. నేడు ఆరు అంగుళములో, ఎనిమిది అంగుళములో గల దూరదర్శిని, దానికి అమర్చిన కెమేరా ఉన్నచో ఇంటి మేడమీద నుండి ఈ పని చేయవచ్చును. ఆరు అంగుళములన్న మాట గమనింపుడు. నరసింగరావుగారు తెప్పించిన దూరదర్శిని కొలత అదే.

పని ఎట్లు చేయుదురనగా: ఏ రాత్రి ఏ గంటకు గ్రహము అడ్డు వచ్చునో ముందుగా పట్టిక చూచుకొందురు. అంతకు ఒక గంట ముందునుండియే నక్షత్రమును, దాని ప్రక్కనున్న మారని నక్షత్రములను నిమిషము నిమిషమునకు ఫోటో తీయుచుందురు. ప్రక్క నక్షత్రములతో పోల్చి ఈ నక్షత్రపు వెలుగును లెక్కగట్టుదురు. మబ్బు పొర వచ్చినచో అన్నిటి వెలుగు తగ్గును. గ్రహము వచ్చినచో ఒక్కదానిదే తగ్గును. ఆ లెక్కలను కాగితముపై చుక్కలుగా పెట్టి కలిపినచో, లోతు తక్కువ పళ్లెము వంటి గుంట ఏర్పడును. గుంట లోతును బట్టి గ్రహము ఎంత పెద్దదో, గుంట నడిమి క్షణమును బట్టి గ్రహము వేళకు వచ్చినదో లేదో తెలియును.

వేళకు వచ్చినదో లేదో చూచుటయే అన్నిటికంటె విలువైన పని. దీనిని రైలు పట్టికతో పోల్చి చెప్పుదును. ఒక గ్రహము మూడున్నర దినములకు ఒకసారి దాటుచున్నదనుకొనుడు. ఆ కాలములో పది సెకండ్ల తప్పు ఉన్నదనుకొనుడు. ఒక్కసారికి అది లెక్కలోనిది కాదు. కాని సంవత్సరమునకు నూరుసార్లకు పైగా దాటును గనుక ఏడాదికి పదునేడు నిమిషముల తేడా వచ్చును. పది సంవత్సరములకు దాదాపు మూడు గంటలు. అప్పటికి కోట్ల రూపాయల ఖర్చుతో ఆకాశములో నిలిపిన దూరదర్శినిని ఆ వేళకు త్రిప్పి చూచినచో, బండి వెళ్లిపోయిన స్టేషనులో నిలుచున్నట్లగును. అందుచేత ఊరూరా ఉన్న చూపరులు గ్రహము వచ్చిన వేళను వ్రాసి పంపుచుండగా, ఆ పట్టికలు ఎప్పటికప్పుడు దిద్దబడుచున్నవి. పెద్ద స్టేషనులో కూర్చున్న అధికారికి బండి ఎక్కడ ఉన్నదో చెప్పేది దారిలోని చిన్న స్టేషనులు గదా! ఆకాశములోను అంతే. అమెరికాలో 1911లో స్థాపింపబడిన మారు వెలుగు నక్షత్రముల చూపరుల సంఘమువారును, నాసా వారును ఇట్టి లెక్కలను ఎవరు పంపినా స్వీకరించుచున్నారు. జాతి, పదవి, డిగ్రీ అడుగరు. గడియారము సరియైనదా, చూచినది చూచినట్లు వ్రాసినావా అని మాత్రము అడుగుదురు. 1874లో నరసింగరావుగారిని అడిగినది కూడా ఆ రెండు ప్రశ్నలే.

మనము తెలిసికొనవలసినది

కాబట్టి నరసింగరావుగారు ఒక పాతకాలపు ధనవంతుని వినోదముగా చరిత్రలో మిగిలినవారు కారు. అడ్డు వచ్చిన చిన్న నీడను ఓపికగా చూచి, దాని వేళను నిజాయితీగా వ్రాసి, లోకమునకు అందించుట అనే పనికి మన భాషవారిలో ఆయన పూర్వికుడు. ఆయన తోట పోయినది, యంత్రములు పోయినవి. వ్రాసిన లెక్క మాత్రము లండను పత్రికల పుటలలో చెక్కు చెదరక ఉన్నది. కట్టడము కంటె లెక్క గట్టిదని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఇంకొక మాట కూడా చెప్పుచున్నది. మామగారు పెట్టినదానిని అల్లుడు నిలిపినంత కాలము అది వెలిగినది. నిలిపేవారు లేనినాడు ఆరినది. మన సంగతియు అంతే. తెలుగునేలకు వందల మైళ్ల దూరములో, బడిలో తమిళము, కొలువులో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు అని మూడు భాగములుగా బ్రతుకుచున్నాము. ఇంటి భాగమును తరువాతివారు అందుకొన్నప్పుడే అది నిలుచును. పండుగనాడు పిల్లలకు మన పెద్దల పేర్లు చెప్పునప్పుడు, రాజుల పేర్లతోను, కవుల పేర్లతోను కలిపి, ఆకాశమును కొలిచిన ఈ విశాఖ గృహస్థుని పేరు కూడా చెప్పుదము.

శుక్రుడు సూర్యుని దాటుట 2004లోను, 2012లోను జరిగినది. మన పట్టణములో కూడా నల్ల అద్దములతో చూచినవారు ఉండియుందురు. ఇక 2117 వరకు అది లేదు. మనలో ఎవరమును చూడబోము. కాని ఇతర సూర్యుల ముందు గ్రహములు ప్రతి రాత్రియు దాటుచునే యున్నవి. కార్తిక మాసములో రాత్రి భోజనము కాగానే మేడ ఎక్కి, నడినెత్తిన పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల నాలుగు చుక్కల చతురస్రమును పిల్లలకు చూపింపుడు. దాని ప్రక్కన, వేరొక సూర్యుని చుట్టూ తిరిగే లోకమున్నదని చెప్పుడు. ఆ పిల్లలలో ఒకరికి ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా చాలును. నరసింగరావుగారి పని మన ఊరిలో మొదలైనట్లే.